స్కాట్లాండ్ పల్లెల్లో పాత కోటలు, రాతి సమాధులు చూడాలని ఉంది, ఎక్కడికి వెళ్ళమంటారు?

వైనతేయ_గట్టు (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. మే నెలాఖరుకి నేనూ మా ఆవిడా గ్లాస్గో వెళ్తున్నాం, అమ్మాయీ అల్లుడూ అక్కడే ఉంటారు, మూడు వారాలు ఉండి వస్తాం. పిల్లలు ఇప్పటికే ఒక ప్లాన్ వేసి వాట్సాప్‌లో పెట్టారు. ఎడిన్‌బరా కోట, లాక్ నెస్ సరస్సు, స్కై ద్వీపం, రోజుకో ఊరు, పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంకో హోటల్, అంతా పరుగే. ప్రేమగా వేసిన ప్లానే, కాదనను. కానీ నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు చూడాలని ఉన్నవి వేరు. ఊరి బయట గడ్డిలో మిగిలిపోయిన కోటగోడ, పైకప్పు లేని పాత మఠం, ఎప్పటివో రాతి సమాధులు, పక్కన బొమ్మల షాపూ క్యూ లైనూ లేని చోట్లు కావాలి. మన ఆదుర్రు బౌద్ధ స్తూపం దగ్గర మధ్యాహ్నం పూట ఎవరూ ఉండరు చూడండి, అలా గంటసేపు కూర్చుని చూసుకోగలిగేవి.

నా సందేహాలు ఇవీ. అక్కడ పొలాలన్నీ ప్రైవేటు కదా, మనం చేలో అడుగుపెడితే ఎవరూ ఏమీ అనరా? మా ఆవిడకి మోకాళ్ళు నొప్పి, సమంగా ఉంటే మైలున్నర దాకా నడుస్తుంది కానీ మెట్లంటే కష్టం. అల్లుడికి శని ఆదివారాలే ఖాళీ, మిగతా రోజుల్లో మన ఇండియా లైసెన్సుతో నేను కారు నడపొచ్చా, లేకపోతే రైళ్ళూ బస్సుల మీద ఇలాంటి చోట్లకి చేరగలమా? వెళ్ళి చూసినవాళ్ళు చెబితే మేలు. ఇంటర్నెట్‌లో లిస్టులు బోలెడున్నాయి, అవి వద్దు.

రావులపాలెం_టు_గ్లాస్గో

మాస్టారూ, మీరు అడిగిన దానికి నా దగ్గర ఒకటే జవాబుంది, కిల్మార్టిన్ లోయ. గ్లాస్గో నుంచి కారులో రెండున్నర గంటలు, లాక్ లోమండ్ సరస్సు ఒడ్డునే కొంత దారి. పిల్లల ప్లాన్‌లోంచి ఎలాగైనా మూడు రోజులు లాగేసి అక్కడే ఒక చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని కదలకుండా ఉండండి. ఆ ఊరి చుట్టూ ఆరు మైళ్ళలో పురాతన కట్టడాలు, చెక్కిన రాళ్ళు కలిపి 800కు పైగా ఉన్నాయి. పెద్ద ఊరేం కాదు, ఒక చర్చి, ఒక మ్యూజియం, కొన్ని ఇళ్ళు, అంతే.

లోయ అడుగంతా మన చేల మాదిరి చదును, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. ఆ చదునులో వరసగా రాళ్ళ గుట్టలు ఉంటాయి, అవన్నీ సమాధులు. వాటిలో నెదర్ లార్జీ సౌత్ అనేది 5000 ఏళ్ళకు పైబడింది, నడుం వంచి లోపలికి దిగొచ్చు, పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి గది కట్టారు, టికెట్ లేదు, తలుపు లేదు, కాపలా లేదు. దాని దగ్గర్లోనే చెట్ల మధ్య టెంపుల్ వుడ్ అని నిలువు రాళ్ళ వలయం ఉంది. అక్కడికి వెళ్తే ఫోటో తీసుకుని వచ్చేయకండి, ఒక్కో రాయినీ దగ్గరగా చూడండి, ఒకదాని మీద జంట సుడులు చెక్కి ఉంటాయి, బాగా అరిగిపోయాయి, ఎండ ఏటవాలుగా పడితేనే కనిపిస్తాయి, సాయంత్రం వెళ్ళడం మంచిది. జూన్‌లో అక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు.

కొంచెం దక్షిణంగా డునాడ్ అని చిన్న రాతిగుట్ట. క్రీ.శ. 500 నుంచి 900 మధ్య కాలంలో డాల్రియాడా అనే పాత రాజ్యపు రాజుల కోట అది. పైన బండ మీద పాదం ఆకారం తొలిచి ఉంటుంది, రాజు పట్టాభిషేకం నాడు అందులో కాలు పెట్టి నిలబడేవాడని చరిత్రకారుల అభిప్రాయం. అసలు బండ అరిగిపోకుండా దాని మీద అచ్చం అలాంటిదే నకలు పెట్టారు, మనం కాలు పెట్టేది ఆ నకల్లోనే. మీరు ఎక్కండి, అమ్మగారిని కింద ఉంచండి, దారంతా రాళ్ళూ జారుడూ. పైనుంచి చూస్తే బురదనేల, మధ్యలో మెలికలు తిరిగే యాడ్ నది, దాని అవతల సముద్రం. లంకల్లో పుట్టినవాళ్ళు ఆ దృశ్యం చూస్తే అక్కడే ఎందుకు కోట కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు, పడవ మీద ఎవడొచ్చినా గంట ముందే కనిపిస్తాడు.

ఊరికి కాస్త ఉత్తరాన కార్నాసరీ కోట, అదీ ఉచితమే. 1560ల్లో జాన్ కార్స్‌వెల్ అనే మతపెద్ద కట్టించాడు, అక్కడి పాత భాష గేలిక్‌లో మొదటి అచ్చు పుస్తకం 1567లో ఆయన చేతి మీదే వచ్చింది. 1685లో మందుగుండు పెట్టి పేల్చేశారు, గోడలు మాత్రం చాలా ఎత్తు దాకా నిలబడి ఉన్నాయి.

వీటన్నిటికన్నా నన్ను కదిలించింది అరిఖోనన్. అదే ప్రాంతంలో అడవి అంచున కొండవాలు మీద ఖాళీ ఊరు. ఇళ్ళ గోడలు ఛాతీ ఎత్తున నిలిచి ఉన్నాయి, గుమ్మాలు తెలుస్తాయి, గోడల మీద నాచు. యుద్ధంలో పోయిన ఊరు కాదు అది. జమీందారు గొర్రెల మేత కోసం 1848లో కౌలుదార్లని వెళ్ళగొట్టాడు, ఊరివాళ్ళు తిరగబడ్డారు, అల్లరి చేశారని కేసులు పెట్టి కోర్టుకీడ్చారు. ఆ జమీందార్లు పోల్టలాఖ్ ఎస్టేటు మాల్కంలు, జమైకా తోటల మీద సంపాదించిన కుటుంబం. కిల్మార్టిన్ దగ్గర వాళ్ళు కట్టుకున్న మహల్‌కి 1957లో పైకప్పు తీసేశారు, ఇప్పుడు అదీ మొండి గోడలే, ప్రైవేటు స్థలం కాబట్టి దూరం నుంచి చూడాల్సిందే. స్కాట్లాండ్ కోటల గురించి చెప్పేవాళ్ళు ఈ ఖాళీ ఊళ్ళ గురించి ఎందుకో చెప్పరు, హైలాండ్స్ అనే ఉత్తరాది కొండ ప్రాంతమంతటా ఇవే ఎక్కువ. మన దగ్గర గోదారి కోతకి లంకలు పోయి ఊళ్ళు గట్టు దాటి వచ్చేశాయి, అక్కడ నోటీసు కాగితం ఆ పని చేసింది. ఒక్క కోట తగ్గినా పరవాలేదు, ఒక్క ఖాళీ ఊరైనా చూసి రండి మాస్టారూ.

పాలకొల్లు_పిల్ల (ఇన్వర్‌నెస్)

మాస్టారు గారూ, నేను ఇక్కడ హాస్పిటల్లో నర్సుని, అందుకని ముందు ఆరోగ్యం సంగతి చెప్తాను. ఎత్తు గడ్డిలో, ఫెర్న్ పొదల్లో ఇక్కడ టిక్స్ ఉంటాయి, గొర్రెలకి పట్టే పిడుదులే, చూడ్డానికి నువ్వు గింజంత. వాటి వల్ల లైమ్ జబ్బు రావచ్చు. ప్యాంటు అంచు సాక్సుల్లోకి దోపుకోండి, రూముకి వచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుం దగ్గర ఒకరికొకరు చూసుకోండి. పట్టుకుని ఉంటే నలిపేయకుండా, నూనె పూయకుండా, మందుల షాపులో దొరికే చిన్న కొక్కెంతో తీసేయాలి. తర్వాత కొన్ని వారాల్లో ఆ చోట ఎర్రగా వలయంలా పాకితే డాక్టర్‌కి చూపించండి, ఇండియా తిరిగొచ్చాక కనిపించినా సరే, స్కాట్లాండ్‌లో తిరిగొచ్చామని మీరే చెప్పాలి, మన డాక్టర్లకి ఈ అనుమానం రాదు.

ఇంకోటి మిడ్జెస్. మన దోమలో పదో వంతు ఉండవు, గుంపులుగా ముసురుతాయి. మే ఆఖర్నుంచి మొదలు, గాలి లేని తడి సాయంత్రాలు వాటివే. కాస్త గాలి వీస్తే మాయం. తల మీద వేసుకునే వల టోపీలు చవగ్గా దొరుకుతాయి, కొనుక్కోండి.

పొలాల్లో నడవడం గురించి. 2003లో భూసంస్కరణల చట్టం చేశారు, దాని ప్రకారం ఎవరి భూమిలోనైనా బాధ్యతగా నడిచి వెళ్ళే హక్కు అందరికీ ఉంది, మనలాంటి విదేశీయులకి కూడా. ఇళ్ళ పెరట్లూ, పైరు ఉన్న చేలూ తప్ప. పైరుంటే గట్టు వెంబడి పోవాలి, చేలగట్ల మీద తిరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తీసిన గేటు తీసినట్టు, వేసిన గేటు వేసినట్టు వదలాలి. మే, జూన్‌లో గొర్రెపిల్లలు చిన్నవి, వాటి తల్లుల మధ్యలోంచి పోకుండా చుట్టు తిరిగి వెళ్ళండి. శిథిలాల దగ్గర చిన్న రాయి ముక్క కూడా జేబులో వేసుకోకూడదు, పాత వస్తువు ఏది దొరికినా ఇక్కడి చట్టం ప్రకారం అది ప్రభుత్వానికే చెందుతుంది.

చూడాల్సినవాటిలో నా మాటగా ఒకటి చేర్చండి, క్రోయిక్ చర్చి. ఆర్డ్‌గే అనే ఊరి నుంచి లోపలికి పది మైళ్ళు, చివర్లో ఇంకేమీ లేదు. 1845 మే నెలలో గ్లెన్‌కాల్వీ లోయ నుంచి వెళ్ళగొట్టిన కుటుంబాలు ఈ చర్చి పక్కన సమాధుల మధ్య గుడ్డలు కప్పుకుని తలదాచుకున్నాయి, లోపలికి మాత్రం వెళ్ళలేదు. కిటికీ అద్దాలు డైమండ్ ఆకారంలో చిన్న చిన్న ముక్కలు. వాటి మీద బయటి నుంచి పేర్లూ, తేదీలూ, తాము ఫలానా లోయ మనుషులమనీ గీసి పెట్టారు. ఇంట్లో గేలిక్ మాట్లాడే జనం, రాసింది ఇంగ్లీషులో, సన్నటి గీతలు, కళ్ళు అద్దానికి ఆనించి చదవాలి. నేను చదువుతూ ఏడ్చాను. ఇన్వర్‌నెస్ దాకా ఎలాగూ వస్తే గంటన్నర ప్రయాణం, మెట్లు లేవు.

ఏలూరు_కాలవ

పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి కానీ మాస్టారూ, మీరు చరిత్ర చెప్పినవారు, స్కాట్లాండ్ వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపం వదిలేయడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మన ఊళ్ళ కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీ పుట్టింది అక్కడే, స్టార్నోవేలో, 1754లో. ఇండియా మొదటి సర్వేయర్ జనరల్ ఆయన. ఆయన వెనక పనిచేసింది మా ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ఎత్తుకున్నాడు. మన గ్రామాల గురించి ఇవాళ ఎవరు పరిశోధన చేసినా వాళ్ళు పోగుచేసిన కాగితాలు తిరగేయాల్సిందే.

స్టార్నోవే నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో కలానిష్ రాళ్ళు. దాదాపు 5000 ఏళ్ళ కిందట నిలబెట్టారు, నడుమ ఉన్న రాయి ఎత్తు 4.8 మీటర్లు. వాటి చుట్టూ పీట్ అనే నల్లటి కుళ్ళుగడ్డి నేల ఐదడుగుల మందాన పేరుకుపోతే 1857లో తవ్వి తీశారు, అప్పటిదాకా రాళ్ళ పై భాగమే జనానికి తెలుసు. మనది ఒండ్రు నేల, రాయి కావాలంటే బయట్నుంచి రావాల్సిందే, మన పాత కట్టడాలు చాలావరకు ఇటుకవి, అవీ మట్టి కింద ఉండిపోయాయి. ఆదుర్రు చూసిన కళ్ళతో కలానిష్ చూడాలి. ఆ రాతిని దగ్గరగా చూస్తే తెలుపూ నలుపూ చారలు అలల్లా పోతుంటాయి, లూయిసియన్ నైస్ అంటారు, దాదాపు మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి శిల, భూమి మీద అత్యంత పాత రాళ్ళలో ఒకటి. దాని మీద చెయ్యి వేసి నిలబడితే 5000 ఏళ్ళు నిన్న మొన్నలా అనిపిస్తుంది.

ఉల్లాపూల్ నుంచి ఓడ, మూడు గంటల లోపే. గ్లాస్గో నుంచి చిన్న విమానం కూడా ఉంది. ఆదివారం మాత్రం ఆ ద్వీపంలో చాలా షాపులు మూసేస్తారు, తిండి ముందే చూసుకోండి.

భీమవరం_రైలుబండి

నాదొక అభ్యంతరం. టికెట్ ఉంటే అది టూరిస్టు చోటు అని పక్కన పెట్టేయడం సరికాదు. హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ అనే సంస్థ కింద 300కు పైగా స్థలాలు ఉన్నాయి, ఎక్కువ భాగం ఉచితం, కొన్నిటికే టికెట్, ఆ టికెట్ డబ్బుతోనే మిగతావాటి గోడలు నిలబెడుతున్నారు. ఈమధ్య సంవత్సరాల్లో వానలు పెరిగి రాళ్ళు వదులవుతున్నాయని చాలా కట్టడాల్లో పై భాగాలు పరీక్షిస్తూ కంచెలు వేశారు. అంత దూరం వెళ్ళాక తాళం కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది, బయల్దేరే రోజు పొద్దున్నే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ చోటు తెరిచి ఉందో లేదో చూసుకోండి.

కారు లేకుండా వెళ్ళాలంటే మెల్రోజ్ మఠం మించింది లేదు. ఎడిన్‌బరా నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా రైలు, గంట. అక్కడ్నుంచి బస్సెక్కొచ్చు, లేదా ట్వీడ్ నది పక్కన రెండు మైళ్ళు నడవొచ్చు, మీ ఆవిడ గారికి బస్సే నయం. 1136లో స్కాట్లాండ్ రాజు డేవిడ్ పిలిపించిన సన్యాసులు మొదలుపెట్టారు, 1385లో ఇంగ్లీషు సైన్యం తగలబెట్టింది, మళ్ళీ కట్టారు. ఎర్రటి ఇసుకరాయి, కిటికీల పనితనం చూస్తే రాయా కొయ్యా అనిపిస్తుంది. స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ గుండెని ఇక్కడే పాతిపెట్టారు, సీసపు పెట్టె ఒకటి 1921లో దొరికింది, 1996లో మళ్ళీ తీసి చూసి 1998లో తిరిగి పూడ్చారు. తలెత్తి పైకప్పు అంచు వెతకండి, వాననీళ్ళు పోయే తూము దగ్గర బ్యాగ్‌పైప్ అనే సంచి వాద్యం ఊదుతున్న పంది బొమ్మ ఉంటుంది, ఎవరో శిల్పి సరదాపడి చెక్కిందే, నాకు ఆ మఠం మొత్తంలో అదే ఇష్టం.

గ్లాస్గో, ఎడిన్‌బరా మధ్య లిన్‌లిత్‌గో కూడా రైలు స్టేషన్ పక్కనే. స్కాట్లాండ్ మేరీ రాణి 1542లో పుట్టిన రాజభవనం, 1746లో కాలిపోయింది, అప్పట్నుంచీ పైకప్పు లేదు. పల్లె కాదు కానీ చెరువు గట్టు మీద ఉంటుంది, పూట చాలు.

వైనతేయ_గట్టు

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ ధన్యవాదాలండి. క్రోయిక్ చర్చి కిటికీ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను, అది చూడకుండా రానంది. అమ్మాయికి ఫోన్ చేసి స్కై తీసేయమన్నాను, కిల్మార్టిన్ మూడు రోజులు ఖాయం, ఇన్వర్‌నెస్ రెండు రోజులు, మెల్రోజ్ రైలు మీద. ఏలూరు వారూ, లూయిస్ ఈసారికి కుదరదు, మెకంజీ మాట మాత్రం మనసులో పెట్టుకున్నాను, బ్రతికుంటే వచ్చే ఏడు.

రావులపాలెం బాబూ, కారు నడపడం గురించి నువ్వేమీ చెప్పలేదు. అరిఖోనన్ ఎక్కడం ఈవిడ వల్ల అవుతుందా?

రావులపాలెం_టు_గ్లాస్గో

ఆయ్, చెప్తానండి. మన లైసెన్సుతో విజిటర్‌గా 12 నెలల దాకా నడపొచ్చు, ఎడమ వైపే కాబట్టి చేతికి అలవాటే. కానీ అల్లుడు గారి కారు ఇన్సూరెన్స్‌లో మీ పేరు చేర్చకుండా తాళం ముట్టుకోవద్దు, ఇక్కడ ఇన్సూరెన్స్ నడిపే మనిషిని బట్టి ఉంటుంది. పల్లెల్లో ఒక్క బండి పట్టే రోడ్లే, మధ్య మధ్య పాసింగ్ ప్లేస్ అని వెడల్పు చోటు ఉంటుంది. ఎదురుగా బండి వస్తే ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళు ఆగాలి, మీ వైపున ఉంటే అందులోకి దిగి ఆగండి, కుడివైపున ఉంటే దాని ఎదురుగా రోడ్డు మీదే ఆగండి. వెనక ఎవరైనా తొందరలో ఉన్నా అక్కడ దారివ్వాలి. ఫోటో కోసం వాటిలో కారు పెట్టి దిగిపోతే స్థానికులకి చాలా కోపం. హారన్ కొట్టకండి, చెయ్యెత్తితే చాలు.

అరిఖోనన్ ఎక్కుడు దారి, తడిగా ఉంటుంది, అమ్మగారికి వద్దు. ఆవిడ కోసం ఆఖిన్‌డ్రెయిన్ ఉంది, కిల్మార్టిన్ వెళ్ళే దారిలోనే, ఇన్వరేరీ దాటాక. వెళ్ళగొట్టకుండా మిగిలిపోయిన పాత ఊరు అది, 1960ల దాకా సేద్యం నడిచింది, తర్వాత మ్యూజియం చేశారు. ఇళ్ళు పొడుగ్గా ఉంటాయి, ఒక కొసన మనుషులు, రెండో కొసన పశువులు, నేల పశువుల వైపుకి కాస్త వాలుగా వేసి మధ్యలో పేడనీళ్ళు పోయే కాలవ తీశారు. ఆ కాలవ ఇప్పటికీ ఉంది. పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ ఇల్లు వెంటనే అర్థమవుతుంది. వెళ్ళేటప్పుడు అది ఇద్దరూ చూడండి, రెండో రోజు ఆవిడని కిల్మార్టిన్ మ్యూజియంలోనో, పక్కనే చర్చి ఆవరణలో కత్తులు చెక్కిన పాత సమాధి పలకల దగ్గరో ఉంచి మీరు అరిఖోనన్ వెళ్ళి రండి.

ఈ ఉచిత చోట్ల దగ్గర బాత్‌రూమ్‌లు ఉండవు, దగ్గరి ఊరు లాక్‌గిల్‌ప్‌హెడ్‌లో చూసుకుని బయల్దేరండి. పులిహోర డబ్బా పెట్టుకోండి, పచ్చళ్ళు తెచ్చుకోండి, చికెన్ పచ్చడీ నెయ్యీ మాత్రం ఇండియా నుంచి తేకండి, మాంసం, పాల పదార్థాలు తేకూడదని నిబంధన. గొడుగు బదులు టోపీ ఉన్న వాన కోటు, నీళ్ళు దూరని బూట్లు అమ్మాయినే కొని ఉంచమనండి. శుక్రవారం సాయంత్రం గ్లాస్గో నుంచి ట్రాఫిక్ ఎక్కువ, సోమవారం పొద్దున బయల్దేరితే రోడ్డు ఖాళీ, అద్దె కూడా తక్కువ.